ఆకలి పోయిన వంట మాస్టరు

ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాను. నేను నర్సును కాను. గవర్నర్‌పేటలో ఒక డాక్టరమ్మ గారి ఆస్పత్రిలో ఆయాగా చేరాను, ఆయాగానే మానేశాను. నలభై దాటాక, సాయంత్రం పూట మా వార్డులో నడిపిన పెద్దల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అందుకని ఇందులో పెద్ద మాటలు ఉండవు. ఎక్కడైనా తగిలితే అవి డాక్టరమ్మ గారివి. ఆస్పత్రి పనుల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. రోగిని అడగాల్సిన ఒక ప్రశ్న ఉంది. అది నేర్చుకుంటే చాలు, మిగతాది మర్చిపోయినా ఫరవాలేదు.

డాక్టరమ్మ గారు అన్ని జబ్బులూ చూసేవారు. అయితే తొంభైల్లో బరువు తగ్గడానికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. బట్టల కొట్టు యజమానులు, బ్యాంకు ఆడవాళ్ళు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టించే షావుకార్లు. వాళ్ళను బరువు మిషను ఎక్కించడం నా పని. ఎక్కగానే అందరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. "వదలండి, గాలి బరువు నేను తీసేస్తాలే" అనేదాన్ని. నవ్వేవాళ్ళు. నవ్వితే ముల్లు ఊగేది, మళ్ళీ ఆగేదాకా నేను నిలబడాలి.

అందులో కొందరికి, ఎంచి, డాక్టరమ్మ గారు ఆకలి తగ్గించే మాత్ర రాసేవారు. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. నేను పామర్రు అవతల పొలాల్లో నాట్లేసిన మనిషిని. పని లేని రోజుల్లో పిల్లలకు గంజి పోసి, గిన్నె కడిగిన నీళ్ళు తాగి పడుకున్నాను. ఆకలిని చంపడానికి మాత్రలా? మా ఇంటికి వస్తే ఊరికే చూపిస్తాను కదా, ఆకలి ఎలా చస్తుందో, అసలు చస్తుందో లేదో. ఆ మాటే డాక్టరమ్మ గారితో అన్నాను. నాకు నోటికి అడ్డు లేదు.

ఆవిడ కోప్పడలేదు. "కృష్ణకు వరదొస్తోందని ఊళ్ళో దండోరా వేశారనుకో. ఎవరన్నా అన్నానికి కూర్చుంటారా?" అని అడిగారు.

"ఎవరు కూర్చుంటారండీ? పిల్లల్నీ గొడ్లనీ తోలుకుని కట్ట మీదకు పోతాం."

"అప్పుడు ఆకలేస్తుందా?"

"గుర్తే ఉండదు."

"ఈ మాత్ర చేసేది అదే. తలలో దండోరా వేస్తుంది. ఆకలికి తాళం కడుపులో లేదు, తలలో ఉంది. దండోరా వినగానే ఆకలి పారిపోతుంది. కాని గుండె కూడా వింటుంది, రక్తపు గొట్టాలూ వింటాయి. అవీ పరిగెడతాయి. అందుకే బీపీ చూడకుండా, నాడి చూడకుండా ఇవ్వను. పొద్దున పూటే ఇస్తాను, పొద్దుగూకాక వేస్తే నిద్ర రాదు. కొన్ని వారాలే ఇస్తాను. రోజూ దండోరా వేస్తే ఏమవుతుంది?"

"జనం వినడం మానేస్తారు."

"ఆకలి కూడా అంతే. కొన్నాళ్ళకు వినడం మానేస్తుంది. అప్పుడు మాత్ర పెంచుకుంటూ పోతే ఇల్లు కూలుతుంది. ఈలోపల తిండి అలవాటు మార్చుకున్నవాడే బాగుపడతాడు."

మాత్ర గురించి నాకు తెలిసిందంతా ఇదే. ఇంతకన్నా ఎక్కువ కావాలంటే మీ పుస్తకాలు మీకున్నాయి.

వంట మాస్టరు ఆ రోజుల్లోనే వచ్చాడు. వన్‌టౌన్‌లో ఉండేవాడు. సాయిబుల పెళ్ళిళ్ళకు బిర్యానీ ఆయనే. హిందువులూ పిలిచేవాళ్ళు. గుమ్మంలో పక్కకు తిరిగి లోపలికి వచ్చేంత మనిషి. మోకాళ్ళు రెండూ పోయాయి. నిలబడలేడు. స్టూలు మీద కూర్చుని చెయ్యూపితే మిగతావాళ్ళు గరిటె తిప్పేవాళ్ళు.

మిషను ఎక్కమంటే దాని వంక అనుమానంగా చూశాడు. "అక్కా, ఇది నన్ను తట్టుకుంటదా?"

"మీకన్నా బరువైన షావుకార్లు ఎక్కారు, బతికే ఉంది. ఎక్కండి మాస్టరు గారూ."

"షావుకార్ల బరువు వేరక్కా, అది జేబులో ఉంటది" అంటూ ఎక్కాడు.

ఆయన కోరిక ఒక్కటే. కొద్ది నెలల్లో కూతురి నిఖా. ఒక్కతే కూతురు. ఊళ్ళో ఎవరెవరి పిల్లల పెళ్ళిళ్ళకో తిండి పెట్టిన చెయ్యి అది. సొంత కూతురి పెళ్ళికి డేగిసా పక్కన తన కాళ్ళ మీద నిలబడి వండాలి. స్టూలు మీద కూర్చుని కాదు. "మా అమ్మాయి అడిగిందమ్మా, 'అబ్బాజాన్, నువ్వే నిలబడి చెయ్యాలి' అని. ఆమె ఏదీ అడిగే పిల్ల కాదు" అన్నాడు డాక్టరమ్మ గారితో.

డాక్టరమ్మ గారు బీపీ చూశారు, గుండె పటం తీయించారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తిండి ఎలా మార్చాలో ఆయన భార్యను కూడా కూర్చోబెట్టి చెప్పారు. ఆవిడ సన్నగా, తల మీది కొంగు జారకుండా పట్టుకుని అన్నీ విన్నది. ఆఖరున మాత్ర రాస్తూ డాక్టరమ్మ గారు వేలు చూపించారు.

"ఇది మసాలా కాదు. ఘాటు చాల్లేదని ఇంకో పిడికెడు వెయ్యడానికి లేదు. ఒక్కటంటే ఒక్కటే."

"అల్లా మీద ఒట్టమ్మా. ఒక్కటే."

మాట తప్పలేదు. ఆ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. చివరిదాకా ఆ మాత్ర రోజుకు ఒక్కటే వేసుకున్నాడు.

మాత్ర పనిచేసింది. దాన్ని ఊరికే తిట్టడం నాకిష్టం లేదు. బరువు దిగింది. మొదట పక్కకు తిరిగి వచ్చేవాడు కాస్తా గుమ్మంలో తిన్నగా రావడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ నొప్పి తగ్గింది. వచ్చినప్పుడల్లా నేను నాడి చూసేదాన్ని, నర్సమ్మ బీపీ చూసేది. నోరు ఎండిపోతోందనేవాడు. నీళ్ళు తాగమనేవాళ్ళం. "ఇంకేమన్నా మందులు వాడుతున్నారా?" అని అడిగేవాళ్ళం. లేదనేవాడు.

ఒకరోజు మాత్రం బెంచీ మీద నా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు. "అక్కా, నీకో సంగతి చెప్తా. నవ్వగూడదు."

"నవ్వొచ్చేదైతే నవ్వుతాను."

"మేం వంటకు కడుపు ఖాళీగా పోతాం. మా ఉస్తాదు నేర్పిన పద్ధతి అది. తిన్నోడి ముక్కు కాపలా మానేసిన కుక్క, అక్కా. ఆకలితో ఉన్నోడికే దమ్ వాసన తెలుస్తది, మూత తియ్యకుండా లోపల అన్నం ఏ పాకాన ఉందో తెలుస్తది. ఇప్పుడు ఖాళీగానే పోతన్నా. కాని ఆకలి లేదు. ముక్కుకు ఏమీ తెలవటం లా."

"మరి వంటలు?"

"చేతి వాటంతో లాగిస్తన్నా. ఇంకా ఎవరూ పట్టలా." అటూ ఇటూ చూశాడు. "మా ఇంట్లో ఆమె పట్టింది. ఏమనలా. పళ్ళెంలో ఉప్పు పక్కన పెడతంది."

నాకు నవ్వు రాలేదు. లోపలికి వెళ్ళినప్పుడు ఇది డాక్టరమ్మ గారికి చెప్పమన్నాను. చెప్పాడు కూడా. ఆవిడ అంతా విని, మాత్ర ఇక ఆపుదామన్నారు. ఆయన బతిమాలాడు. పెళ్ళి దగ్గర పడింది, ఇప్పుడు ఆపితే మళ్ళీ ఒళ్ళు వచ్చేస్తుందని భయం. పెళ్ళి అయ్యేవరకే, ఆ తర్వాత ఒక్కరోజు కూడా వద్దు అన్న షరతు మీద ఆవిడ ఒప్పుకున్నారు. ఆ రోజు కూడా బీపీ బాగానే ఉంది.

నిఖాకు మమ్మల్నందరినీ పిలిచాడు. ఆదివారం. మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత నిఖా, ఆ వెంటనే భోజనాలు. డాక్టరమ్మ గారు భోజనాల వేళకు వస్తానన్నారు. నేను పొద్దున్నే వెళ్ళాను. అంత పెద్ద డేగిసాలు ఎలా దించుతారో చూడాలని ఎప్పటినుంచో కోరిక.

షాదీఖానా వెనక రేకుల పందిరి కింద కట్టెల పొయ్యిలు మండుతున్నాయి. మాస్టరు నిలబడి ఉన్నాడు. తన కాళ్ళ మీద. తెల్ల లాల్చీ, భుజాన తువ్వాలు. నాకు కళ్ళు చల్లబడ్డాయి. దగ్గరికి వెళ్ళాక గాని తేడా తెలియలేదు. ముఖం కందగడ్డలా ఉంది. పెదాలు పొలుసులు లేచాయి. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"అక్కా వచ్చావా, కూర్చో, కుర్చీ ఎయ్యండ్రా అక్కకి, చూడు నిలబడ్డానా, అన్నానా లేదా, మా అమ్మాయి పొద్దున్నే వచ్చి పందిరి బయట నుంచే చూసి పోయింది."

అన్నానికి పెట్టిన ఎసరులోంచి గరిటెతో కాస్త తీసి నాలిక మీద వేసుకున్నాడు. ఉప్పు వేశాడు. మళ్ళీ రుచి చూశాడు. మళ్ళీ వేశాడు. నేను చూస్తుండగానే మూడోసారి కూడా ఉప్పు గిన్నె అందుకున్నాడు. పందిరి గుంజ పక్కన ఆయన భార్య నిలబడి ఉంది. పెళ్ళి డేగిసాల దగ్గరికి ఇంటి ఆడవాళ్ళు రారు, అది వాళ్ళ వంటవాళ్ళ పద్ధతి. ఆవిడ గుంజ దాటలేదు. కళ్ళు మాత్రం ఉప్పు గిన్నె మీదే ఉన్నాయి.

మాస్టరు అటు తిరిగి, జేబులోంచి అట్ట తీసి, ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాడు.

"ఏంటది?"

"ఏం లేదక్కా. జలుబు బిళ్ళ."

"జలుబు చేసిందా?"

"చేసే ఉంటది. లేకపోతే ముక్కెందుకు మూసుకుంటది? పొయ్యి పొగకి పట్టేసినట్టుంది. మెడికల్ షాపు ఆయన ఇచ్చాడు, ముక్కు తెరిపించే బిళ్ళ. వారం నుంచి ఏస్తన్నా. ఇయ్యాల పొద్దున్నుంచి ఇంకొంచెం ఎక్కువ. ఉప్పు తెలవాలి గదా." నుదురు నొక్కుకున్నాడు. "తలకాయ మాత్రం పగిలిపోతంది."

మణికట్టు పట్టుకున్నాను. అన్నేళ్ళు పట్టిన వేళ్ళు నావి, అయినా ఆ నాడిని లెక్కపెట్టలేకపోయాను. వలలో పడ్డ చేపలా కొట్టుకుంటోంది. షాదీఖానా ఆఫీసులో ఫోనుంటే డాక్టరమ్మ గారి ఇంటికి చేశాను. "జలుబు బిళ్ళ" అన్నానో లేదో, "పొయ్యి దగ్గర నుంచి లాగండి, కూర్చోబెట్టండి, వస్తున్నా" అని ఫోను పెట్టేశారు.

పట్టుచీర కట్టుకుని వచ్చారు, చేతిలో బీపీ మిషను. కట్టి చూసి, ఎంతుందో ఎవరికీ చెప్పలేదు. అట్ట తిప్పి చదివారు. నాకు వినపడేట్టు అన్నారు: "ఇదీ అదీ అన్నదమ్ములు. అది ఆకలిని తరమడానికి వేసిన దండోరా, ఇది ముక్కు తెరవడానికి వేసిన దండోరా. ఒకే వీధిలో ఇద్దరూ డప్పు కొట్టారు."

మాస్టరు బిత్తరపోయి చూశాడు. "మీరు చెప్పిన మాత్ర ఒక్కటే ఏశానమ్మా. ఒట్టేశా గదా. మొన్న వచ్చినప్పుడు మందులేమన్నా వాడతన్నారా అంటే లేదన్నా. జలుబు బిళ్ళ కూడా మందేనా?"

చూశారా పిల్లలూ. అబద్ధం ఆడలేదు ఆయన. జలుబు బిళ్ళను మందని ఎవరనుకుంటారు? బడ్డీకొట్టులో కూడా దొరికేది. ఆ మర్నాటి నుంచి డాక్టరమ్మ గారు మా చేత ప్రశ్న మార్పించారు. "మందులేమన్నా వాడుతున్నారా" అని కాదు. "తలనొప్పొస్తే ఏం మింగుతారు? జలుబు చేస్తే ఏం మింగుతారు? ఎవరన్నా పొడి ఇచ్చారా, కషాయం ఇచ్చారా?" అలా అడగాలి. నేను చెప్తానన్న ప్రశ్న అదే.

"ఆస్పత్రికి పదండి" అన్నారు డాక్టరమ్మ గారు.

"డేగిసా మూసిందాకా ఉంటానమ్మా. ఎసరు మరుగుతంది. బియ్యం పడాలి."

"తలలో నరం చిట్లితే మీ అమ్మాయి ఈ రోజును జీవితాంతం ఎలా తలుచుకుంటుందో ఆలోచించండి."

మాస్టరు కాళ్ళ వంక చూసుకున్నాడు. నెలల తరబడి నోరు కట్టుకుని సంపాదించుకున్న కాళ్ళు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంకెవరున్నారమ్మా? నా కుర్రోళ్ళు గరిటె తిప్పుతారు గాని, ఉప్పు చెప్పేవాడు లేడు."

అప్పుడు ఆయన భార్య గుంజ దాటింది. ఎవరినీ అడగలేదు. కొంగు నడుముకు దోపి, ఆయన చేతిలో గరిటె తీసుకుని, ఎసరు ఊదుకుని నాలిక మీద వేసుకుంది. ముఖం చిట్లించి ఉమ్మేసింది.

"సముద్రం చేశారు. మూడు బిందెలు తోడెయ్యండ్రా. మంచినీళ్ళు పొయ్యండి."

కుర్రాళ్ళు మాస్టరు వైపు చూశారు. మాస్టరు ఆవిడ వైపు చూశాడు. వాళ్ళిద్దరూ ఉర్దూలో ఏదో అనుకున్నారు. నాకు సగమే అర్థమైంది. ఆయన "ఈ డేగిసా వంట ఎప్పటినుంచి తెలుసు నీకు?" అన్నట్టున్నాడు. "ఇంట్లో మీకు వండేదెవరు?" అని ఆవిడ అన్నది మాత్రం బాగా అర్థమైంది. భుజం మీద తువ్వాలు తీసి ఆవిడకిచ్చి, ఆయన ఆటో ఎక్కాడు.

ఆస్పత్రిలో మంచం మీద పడుకోబెట్టి, మందిచ్చి, గుండె పటం మళ్ళీ తీశారు. కిటికీ తెర వేసి నేను పక్కన కూర్చున్నాను. కళ్ళు మూసుకుని గొణుగుతూనే ఉన్నాడు. "ఇప్పుడు బియ్యం ఏస్తది... ఇప్పుడు వార్చాలి... దమ్‌కి బొగ్గులు పైన తక్కువెయ్యమని చెప్పలేదక్కా."

"ఆవిడకి తెలీదా?"

"తెలుసు" అన్నాడు. "నాకే తెలవదు, ఆమెకి తెలుసని."

నాడి మెల్లగా దారికొచ్చింది. బీపీ దిగింది. నిఖా వేళకు తీసుకువెళ్ళడానికి డాక్టరమ్మ గారు ఒప్పుకున్నారు, తాను పక్కనే ఉంటానని, ఆయన కుర్చీలోంచి లేవకూడదని. కూతురి నిఖా ఆయన కుర్చీలో కూర్చునే చూశాడు. ఆ పిల్ల వచ్చి తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టింది. "నిలబడలేకపోయా బేటీ" అన్నాడు. "పొద్దున చూశాను కదా అబ్బాజాన్" అందా పిల్ల.

భోజనాల్లో నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. పళ్ళెం ముందుంది గాని తినలేదు. ఒక్క మెతుకు నోట్లో వేసుకుని, గుడ్డివాడు దారి తడుముకున్నట్టు చాలాసేపు నమిలాడు.

"నాకేం తెలవటం లేదక్కా. నువ్వు చెప్పు. బాగుందా?"

"బాగుంది."

"నా చేతి లాగా ఉందా?"

అబద్ధం చెప్పొచ్చు. నాకు చేతకాదు. "లేదు. మీ ఆవిడ చేతి లాగా ఉంది."

ఆయన నా వంక చూసి, పందిరి వైపు చూశాడు. అక్కడ ఆవిడ నడుముకు తువ్వాలు చుట్టుకుని రెండో డేగిసా మూత తీయిస్తోంది. "అయితే మంచిదే" అన్నాడు.

ఆ రోజుతో రెండు బిళ్ళలూ ఆగిపోయాయి. తర్వాత కొన్నేళ్ళకు ఆకలి చంపే ఆ రకం మాత్రల్లో కొన్ని బజారు నుంచే వెళ్ళిపోయాయి, ఆ జలుబు బిళ్ళలో ఉన్న మందూ పోయింది. అవన్నీ ఢిల్లీలో పెద్దవాళ్ళు తేల్చిన సంగతులు. నాకు తెలిసింది మా బెంచీ మీద జరిగింది.

మాత్ర ఆగగానే ఆకలి రాలేదు. ముందు మూడు పూటలా నిద్ర ముంచుకొచ్చేదట. వారం వారం బీపీ చూపించుకోవడానికి వచ్చేవాడు. పనులు భార్యాభర్తలు కలిసి చేస్తున్నారని చెప్పాడు. ఆవిడ గుంజ దాటి లోపలికి వచ్చింది, మళ్ళీ బయటికి పోలేదు. "ఆకలేసిందా?" అని అడిగేదాన్ని. తల అడ్డంగా ఊపేవాడు. ఆకలితో ఏడ్చిన పిల్లల్ని చూసిన దాన్ని. ఆకలి రాలేదని కుమిలే మనిషిని చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు. ఆ రోజుల్లోనే నాకు మా పాత ఆకలి మీద కోపం కొంచెం తగ్గింది. అది శత్రువే గాని, బతికున్న మనిషి దగ్గరికే వచ్చే శత్రువు.

ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోయింది. వెనక వరండాలో నా క్యారేజీ విప్పుకున్నాను. గోంగూర పప్పు, అన్నం. ఆ రోజు ఆలస్యంగా వచ్చిన మాస్టరు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మూత తియ్యగానే తల తిప్పాడు. ఆగాడు. వేటకుక్క చెవులు నిక్కించినట్టు ముక్కు పైకెత్తాడు.

"అక్కా, పప్పులో ఎల్లుల్లి మాడింది గదా?"

నేను కదలకుండా కూర్చున్నాను. కదిలితే ఎగిరిపోయే పిట్టేదో వచ్చి వాలినట్టనిపించింది. తర్వాత మూతలో అన్నం పెట్టి, పప్పు కలిపి ఆయన చేతికిచ్చాను. మొత్తం తిన్నాడు. మూతకు అంటిన మెతుకులు కూడా వేలితో తుడుచుకున్నాడు. ముఖం మీద చెమట, కళ్ళలో నీళ్ళు, అవి గోంగూర వల్లో వేరే దేని వల్లో నేను అడగలేదు.

మూత తిరిగి ఇస్తూ, ఎంతో మర్యాదగా, గొంతు తగ్గించి అన్నాడు.

"ఏమనుకోకక్కా. ఉప్పు తక్కువేశావు."

నా వంటకు వంక పెట్టినందుకు జన్మలో మొదటిసారి సంతోషించాను. మిగిలిన అన్నం కూడా ఆయన మూతలోకే వంచేశాను.